హరిబాబు వార్నీషు

ఆ మే నెలలో నరసన్నపేట మెయిన్ రోడ్డు మీద, బోర్డులు రాసే హరి ఆర్ట్స్ కొట్టు ముందు నుంచి తెలిసినవాళ్ళెవరూ తప్పించుకుని పోలేకపోయారు. హరిబాబు కేకేసి పిలిచేవాడు. స్టూలు వేసి, టీ చెప్పి, తన మేనకోడలు గౌరి బొమ్మలు విజయనగరంలో ప్రదర్శనకి ఎంపికయ్యాయని మొదలుపెట్టేవాడు. విన్నవాళ్ళకే మళ్ళీ చెప్పేవాడు. మూడోసారి వింటున్న మందుల షాపు గంగరాజు, "నిన్న కూడా ఇదే సెప్పినావు బావా" అంటే, "నిన్న సెప్పింది వేరు, ఈయేళ గోడ కొలతలు వొచ్చినాయి" అనేవాడు.

గోడంటే మాటలు కాదు మరి. కోట దగ్గర పాత బంగళా హాల్లో పదహారడుగుల గోడ మొత్తం ఒక్క గౌరికే ఇచ్చారు. ఐదు బొమ్మలు, వారం రోజులు. పక్కన ఇంకొకరి బొమ్మ ఉండదు. అంతవరకూ గౌరికి దొరికినవన్నీ ఇరుకు మూలలే. పోయినేడు ఒక కాలేజీ హాల్లో ఒకే ఒక్క బొమ్మ పెట్టుకోనిచ్చారు, అదీ తలుపు వెనకాల. తలుపు తెరిస్తే బొమ్మ మాయం. మూడు రోజులూ ఆ పిల్ల అక్కడే నిలబడి, వచ్చినవాళ్ళు లోపలికి రాగానే వెళ్ళి తలుపు మూసి, "ఇటు కూడా ఒకటుందండీ" అని చూపించింది. ఆ సంగతి విన్నప్పుడు హరిబాబు పడీ పడీ నవ్వాడు. నవ్వి నవ్వి చివరికి కళ్ళు తుడుచుకున్నాడు.

గౌరిది నౌపడ. హరిబాబు అక్క మరిడమ్మ కూతురు. మరిడమ్మ ఉప్పు పండించే కొఠారు మడుల్లో ముప్పయ్యేళ్ళుగా ఉప్పు ఎత్తుతోంది. గౌరికి తొమ్మిదేళ్ళప్పుడు మొదటి కుంచె చేతిలో పెట్టింది హరిబాబే. భావనపాడు రేవులో పడవ పక్కకి పేరు రాస్తూ, "అ" మెలిక ఎక్కడ మొదలై ఎక్కడ తిరగాలో ఆ పిల్ల చెయ్యి పట్టుకుని దిద్దించాడు. అప్పటినుంచీ ఆ పిల్ల తన శిష్యురాలే. ఫ్లెక్సీలొచ్చి బోర్డు రాతగాళ్ళ పొట్ట కొట్టిన రోజుల్లో కూడా, నా చేతిలో పని గౌరి చేతిలోకి వెళ్ళింది, చాలు అనుకుని గుండె నిబ్బరం చేసుకున్నాడు.

గౌరి విశాఖపట్నంలో బొమ్మల చదువు చదివింది. తోటివాళ్ళలో కొందరు కంప్యూటర్ బొమ్మలకి, కొందరు పెళ్ళి మండపాల అలంకరణకి పోయారు. ఈ పిల్ల మాత్రం తిరిగి నౌపడకే వచ్చింది. టెక్కలిలో ఒక ప్రైవేటు బడిలో వారానికి మూడు రోజులు డ్రాయింగు చెప్పి, మిగతా నాలుగు రోజులు ఉప్పు మడుల గట్ల మీద కూర్చునేది. ఎక్కడ ఏ ప్రదర్శనకి పిలుపు కనబడినా దరఖాస్తు పెట్టేది. పదకొండుసార్లు వద్దన్నారు. వద్దన్నప్పుడల్లా ఒక నోటుబుక్కులో ఏం తప్పు జరిగిందో రాసుకునేది. ఒకసారి ఫొటోలో నీడ పడింది. ఒకసారి కొలతలు తప్పు. ఒకసారి బొమ్మ గురించి రాయమంటే పేజీన్నర రాసింది. పన్నెండోసారి మూడే వాక్యాలు రాసింది, అవి రాయడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. అరగంటలో అరడజను బోర్డులు రాసి పారేసిన హరిబాబు, మూడు వాక్యాల కోసం ఆ పిల్ల కొట్టేసి మళ్ళీ రాస్తుంటే పక్కన కూర్చుని చూశాడు. ఈ గుంటకి ఉన్న ఓపికలో పావలా వంతు నాకుంటే ఎక్కడుందునో అనుకున్నాడు.

ఆ పన్నెండోసారికే గోడ దొరికింది.

ఇంతకీ ఆ బొమ్మలెలాంటివంటే, వాటిలో రంగనేది లేదు. ఉప్పు మడిలో నల్ల బురద తెచ్చి, జల్లించి, తుమ్మజిగురు కలిపి, చెక్కకి బిగించిన గుడ్డ మీద పూస్తుంది. అది ఆరాక, మరిడమ్మ తెచ్చిన చిక్కటి ఉప్పునీళ్ళలో కుంచె ముంచి దాని మీద గీస్తుంది. గీసేటప్పుడు ఏమీ కనబడదు. తడి మీద తడి. ఎండలో పెట్టాక నాలుగైదు రోజులకి ఉప్పు పైకి తేలి తెల్లగా పూస్తుంది. అప్పుడు నల్లటి నేల మీద మనుషులు లేస్తారు. మొదట్లో హరిబాబుకి ఇదేం పనో అర్థం కాలేదు. ఒకనాడు ఎండకి పెట్టిన చెక్క మీద తన అక్క వంగిన వీపు కొద్దికొద్దిగా తెల్లబడుతూ బయటికి రావడం చూశాడు. ఆ పూట అన్నం తినకుండా దాని ముందే కూర్చుండిపోయాడు. ముప్పయ్యేళ్ళ పనిలో తను ఒక్కసారి కూడా అలాంటిది చెయ్యలేదని అతనికి తెలిసింది. అసూయ పడాల్సిన చోట గర్వం వచ్చింది, అది అతని మంచితనం.

ఐదు బొమ్మలూ ఫ్రేములు కట్టించడానికి నరసన్నపేట వచ్చాయి. హరి ఆర్ట్స్ పక్కనే వడ్రంగి లక్ష్ముడి కొట్టు. ఫ్రేములు అయ్యాక బొమ్మలన్నీ హరిబాబు కొట్లో గోడకి చేరగిల్లాయి. అన్నిటికన్నా పెద్దది ఐదోది. తొమ్మిదిమంది ఆడవాళ్ళు తలమీద తట్టలతో గట్టు మీద వరసగా నడుస్తున్న బొమ్మ.

గౌరి బడి నుంచి ఫోన్ చేసింది. "మావా, వాటికి తడి గుడ్డ కూడా తగలనీకు. ఏటీ రాయొద్దు, ఏటీ పుయ్యొద్దు. అలగే ఉంచు."

"అలగే" అన్నాడు హరిబాబు. అప్పుడే ఎవరో ఆటో నంబరు రాయించుకోవడానికొచ్చారు. సగం విన్నాడు. విన్న సగం కూడా శిష్యురాలి మాటగానే విన్నాడు.

మర్నాడు టీవీలో అల్పపీడనం అన్నారు. వానలు పడతాయన్నారు. విజయనగరం వెళ్ళాల్సింది గూడ్స్ ఆటోలో. మట్టీ ఉప్పూ కలిసిన బొమ్మ మీద నాలుగు చినుకులు పడితే ఇంకేమైనా ఉందా! హరిబాబుకి ఆ రోజంతా అన్నం సహించలేదు. పైగా బోర్డు రాతగాళ్ళలో ఒక ఆచారం ఉంది. శిష్యుడు సొంతంగా చేసిన మొదటి పెద్ద పనికి వార్నీషు గురువే స్వయంగా వేస్తాడు. అది దీవెన. వార్నీషు లేకుండా పని గడప దాటితే సిగ్గుచేటు. హరిబాబు మొదటి బోర్డుకి అతని గురువు అలాగే వేశాడు. ఆ చెయ్యి వణుకుతున్నా ఒక్క బుడగ కూడా లేకుండా వేశాడని హరిబాబు ఇప్పటికీ చెప్పుకుంటాడు.

మధ్యాహ్నం కొట్టు తలుపు జారేసి, కాళ్ళు కడుక్కుని, కొత్త బ్రష్షు తీశాడు. పడవలకి వేసే మేలురకం వార్నీషు. పెద్దదానితో మొదలుపెట్టాడు. ఎడమ నుంచి కుడికి, ఒకే బిగువున, ఒక్క బుడగ లేకుండా వేశాడు.

తొమ్మిదిమంది ఆడవాళ్ళూ ఒకరి తరవాత ఒకరు మాయమైపోయారు.

తడి వల్ల అనుకున్నాడు. ఆరితే తెల్లదనం తిరిగొస్తుందనుకున్నాడు. ఫ్యాను పెట్టాడు. సాయంత్రానికి వార్నీషు గట్టిగా, నున్నగా ఆరింది. నల్లగా మెరుస్తున్న చెక్క మీద అతని మొహమే కనబడింది. ఉప్పు వార్నీషు తాగి గాజులా అయిపోయింది. మిగిలిన నాలుగూ ముట్టుకోలేదు కాబట్టి బతికాయి.

పొద్దున్నే గౌరి వచ్చింది. వాసన గుమ్మంలోనే పట్టింది. లోపలికొచ్చి పెద్దదాని ముందు నిలబడింది. హరిబాబు తిట్టించుకోవడానికి సిద్ధంగా, చేతులు కట్టుకుని మూల నిలబడ్డాడు.

"ఎన్ని కోటింగులు ఏసేవు మావా?"

"ఒకటేనే."

గౌరి వేలితో అంచు తడిమింది. కాసేపు నేల మీద కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని రానివ్వలేదు. తరవాత లేచి వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. "ఆరు రోజులున్నాది. నాను నౌపడ ఎల్తాను" అంది.

హరిబాబు కొట్టుకి తాళం వేసి వెనకాలే పోయాడు. ఆ ఆరు రోజులూ ఆ పిల్ల పని చేసిన తీరు అతను బతికినన్నాళ్ళూ మరిచిపోడు. బురదని మూడుసార్లు జల్లించింది. ఒక పూతలో చిన్న పగులు కనబడితే మొత్తం గీకేసి మళ్ళీ పూసింది. ఉప్పునీళ్ళు నాలుక మీద వేసుకుని చిక్కదనం చూసి, చాలదని రెండుసార్లు పారబోయించింది. తల్లి మరిడమ్మ విసుక్కోకుండా మూడోసారి తెచ్చింది. గట్టు మీద తొమ్మిదిమందినీ గౌరి మళ్ళీ గీసింది, ఒక్కొక్కరి నడక ఒక్కో తీరు. హరిబాబు ఇన్నేళ్ళుగా చూస్తున్న అక్క నడకలో ఎడమ కాలు కొంచెం ఈడుస్తుందని అతనికి ఆ గీతల్లోనే మొదటిసారి తెలిసింది. తడి గీతే అయినా ఏటవాలుగా చూస్తే తెలుస్తుంది. అంత తొందరలోనూ ఆ చెయ్యి తడబడలేదు.

అంతా చేశాక కావలసింది ఎండ. అదొక్కటే లేదు. అల్పపీడనం వానా కురిపించలేదు, ఎండనీ రానివ్వలేదు. గాలిలో చెమ్మ. చెక్క నల్లగా, తడిగా అలాగే పడుంది. మరిడమ్మ ఆకాశాన్ని తిట్టిపోసింది. "తొమ్మిదేళ్ళ గుంటప్పటి నుంచి దీని ఆశ ఇదేరా హరీ" అంది. తమ్ముణ్ణి మాత్రం ఒక్క మాటా అనలేదు. ఆ అనకపోవడమే హరిబాబుకి ఎక్కువ గుచ్చుకుంది.

అయిదో రోజు అతను ఎవరికీ చెప్పకుండా నరసన్నపేట వెళ్ళిపోయాడు. వార్నీషు వేసిన బొమ్మ ముందేసుకుని, ఫోన్లో గౌరి తీసిన ఫొటో చూస్తూ, సన్నకుంచెతో తెల్ల ఎనామిల్ పెట్టడం మొదలుపెట్టాడు. చుక్క మీద చుక్క, ఉప్పు పూసినట్టే. చేతిలో పనితనానికేం తక్కువ లేదు. మరుసటి రోజు సాయంత్రానికి తొమ్మిదిమందీ గట్టెక్కారు. గౌరిని పిలిపించి చూపించాడు.

ఆ పిల్ల నిజంగానే ఆశ్చర్యపోయింది. వంగి, దగ్గరికెళ్ళి, వెనక్కొచ్చి చూసింది. "బలే సేసినావు మావా. ఫొటో పక్కన పెట్టినా పోల్చుకోలేరు."

"అదే గదా నాను సెప్తన్నాది! ఇది అట్టుకెల్దాం. ఎవడికి తెలుస్తాది?"

"ఇది నీ బొమ్మ మావా. నాది కాదు."

"గీత నీదే గదే!"

"గీత నాదే. ఉప్పు కాదు గదా. దరఖాస్తులో ఉప్పు అని రాసిచ్చినాను. నాలుగే అట్టుకెల్తాను."

"నాలుగైతే గోడ ఇవ్వరు. ఐదుకి తగ్గితే వెనకాల ఉన్నోడికి ఇచ్చేస్తారని నువ్వే సెప్పినావు."

"ఇవ్వకపోతే వొచ్చే ఏడు మళ్ళీ దరఖాస్తు ఎడతాను" అంది గౌరి.

తెల్లారాక గూడ్స్ ఆటోలో బయలుదేరారు. శ్రీకాకుళం దాటి చీపురుపల్లిలో టీ తాగారు. నాలుగు బొమ్మల వెనకాల, పాత దుప్పటి చుట్టి, హరిబాబు ఐదోదాన్ని కూడా ఎక్కించాడు. ఆఖరి నిమిషంలో పిల్ల మనసు మారుతుందేమోనని ఆశ. ఆ సంగతి గౌరికి తెలియదు.

బంగళా హాల్లో పద్మకుమారి మేడమ్ చేతిలో అట్ట పట్టుకుని నిలబడింది. ప్రదర్శన నడిపేది ఆవిడే. ముప్పయ్యేళ్ళు బొమ్మల పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి, అనవసరంగా నవ్వదు. పదహారడుగుల గోడకి అప్పటికే ఐదు మేకులు కొట్టించి ఉన్నాయి. మిగతా గోడల దగ్గర మిగతా కుర్రాళ్ళు బొమ్మలు విప్పుకుంటున్నారు.

గౌరి నాలుగు బొమ్మలూ గోడకి ఆనించి, "ఐదోది పాడైపోయింది మేడమ్. మళ్ళీ చేశాను గానీ ఎండ లేక పూయలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పింది.

పద్మకుమారి నాలుగింటినీ చూసింది. చాలాసేపు చూసింది. "నియమం నేనే పెట్టాను, నేనే మీరితే ఎలా?" అంది. తరవాత ఒక కాగితం తీసింది. "ప్రమాదవశాత్తూ పాడైతే కమిటీ ఒప్పుకోవచ్చు, బొమ్మ వేసినవాళ్ళ తప్పయితే ఒప్పుకోదు. ఎవరి నిర్లక్ష్యం వల్ల పాడైందో ఇందులో రాసి సంతకం పెట్టు. పేరు స్పష్టంగా ఉండాలి."

గౌరి కాగితం మోకాలి మీద పెట్టుకుని రాసింది. మూడు వాక్యాలే. ఈసారి నాలుగు సాయంత్రాలు పట్టలేదు. పద్మకుమారి అందుకుని, అలవాటు కొద్దీ పైకి చదివింది.

"ఈ బొమ్మ మీద ఏమీ పూయకూడదని నేను మా మావకి చెప్పలేదు. ఆయన వార్నీషు వేశారు. నిర్లక్ష్యం నాది, గౌరి."

హరిబాబుకి చెంప మీద కొట్టినట్టయింది.

"అబద్దం మేడమ్" అన్నాడు. హాల్లో వాళ్ళంతా ఇటు తిరిగారు. "ఆ గుంట సెప్పినాది. ఫోన్ సేసి మరీ సెప్పినాది, ఏటీ పుయ్యొద్దని. నానే ఇన్లేదు. గురువుని గదా, దీనికేటి తెలుసనుకున్నాను. నరసన్నపేటంతా నా శిష్యురాలు, నా శిష్యురాలని టాంటాం ఏసుకున్నాను. ఈ బొమ్మ గురించి నాకు ఒక్క ముక్క తెల్దు. నా పేరు రాసుకోండి. ఇంకొకటి కూడా ఇనండి." గబగబా ఆటో దగ్గరికి పోయి దుప్పటి లాగేసి, పెద్ద బొమ్మని రెండు చేతులా మోసుకొచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "ఇది నాను ఎనామిల్‌తో దిద్దినాను. ఇది తెస్తే అయిదూ అయిపోయేవి. ఈ గుంటే వొద్దన్నాది. గోడ పోయినా వొద్దన్నాది."

గౌరి ఆ బొమ్మ వైపు చూసి, మావ వైపు చూసింది. కోపం రావాల్సిందే. రాలేదు.

పద్మకుమారి తన దగ్గరున్న ఫొటో తీసి బొమ్మ పక్కన పట్టింది. కళ్ళజోడు పెట్టుకుంది, తీసింది. "నేను కనిపెట్టలేకపోదును" అంది నెమ్మదిగా. గౌరి వైపు తిరిగింది. "ఇది తేలేదు సరే. చెప్పి కూడా చెప్పలేదని ఎందుకు రాశావు? ఆయన పేరు రాస్తే నీ గోడ నీకుండేది కదా."

గౌరి మాట్లాడేటప్పటికి బడిలో పంతులమ్మ భాష పోయి నౌపడ భాషే వచ్చింది.

"నా బొమ్మల మీద మా అమ్మ అప్పడాలు ఎండేసినాది మేడమ్. మా నాన్న ఒకటి అట్టుకెల్లి కోళ్ళ గూటికి తలుపు బిగించినాడు. తప్పు ఆలది కాదు, మట్టే గదా. దీని మీద సినుకు పడితే ఏటైపోద్దో అని అన్నం మానేసిన మనిషి ఈ లోకంలో ఈయనొక్కడే. ఈయన పేరెట్టుకుని నిర్లక్ష్యం అని రాయడానికి నాకు సెయ్యి రాలేదు."

హరిబాబు మొహం అటు తిప్పేసుకుని, ఎవరిదో బొమ్మని చాలా శ్రద్ధగా చూస్తున్నట్టు నిలబడ్డాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

పద్మకుమారి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన సంచిలో వేసుకుంది. "ఇలాంటి పిల్ల బొమ్మలు రేపు ఈ గోడ మీద లేకపోతే, కమిటీ సంగతి తరవాత, నాకే నిద్ర పట్టదు" అంది. "నాలుగూ పెట్టండి. మేకులన్నీ పీకేసి మళ్ళీ కొట్టుకోవాలి. పనివాళ్ళు భోజనానికి పోయారు, మీరే చూసుకోండి."

గౌరికి అప్పుడు కన్నీళ్ళు వచ్చాయి. ఆరు రోజులుగా ఆపుకున్నవన్నీ వచ్చాయి. చున్నీతో మొహం తుడుచుకుని, గోడ పొడవుని నాలుగు బొమ్మలకి భాగించి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టింది.

హరిబాబు సుత్తి అందుకున్నాడు. ముప్పయ్యేళ్ళలో ఏ బోర్డు ఎక్కడ కట్టాలో, ఎంత ఎత్తున ఉండాలో ఎవరినీ అడగని మనిషి. తను కంటితో చూసి చెప్పాక తేడా వస్తే కొలబద్దదే తప్పు అనేవాడు. మొదటి బొమ్మని మేకుకి తగిలించి, రెండు చేతులా అలాగే పట్టుకుని, మెడ వెనక్కి తిప్పాడు.

"ఇలగ సరిపోద్దేటమ్మా?"

గౌరి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, తల వంచి చూసింది.

"అంగుళం దించాలి మావా."

హరిబాబు బొమ్మ దించి, మేకు పీకి, అంగుళం కింద మళ్ళీ కొట్టాడు. కొట్టి, మళ్ళీ ఆమె మాట కోసం అక్కడే నిలబడ్డాడు.